లెక్కల గదిలో నుంచి వచ్చిన ఇంజనీరు – ఎడిత్ క్లార్క్

మన సంఘం ప్రత్యేక సంచికకు విద్యుత్ రంగానికి సేవ చేసిన మహనీయులలో ఎవరి గురించైనా నాలుగు మాటలు వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఎడిసన్‌నూ, టెస్లానూ ఎవరో ఒకరు తప్పక ఎత్తుకుంటారని నాకు తెలుసు. అందుచేత నేను ఎడిత్ క్లార్క్ గారిని ఎంచుకున్నాను. ఇంజనీరింగ్ చదివిన మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. ఆల్ఫా, బీటా, జీరో అంటూ పరీక్షల ముందు మనం వల్లె వేసిన క్లార్క్ కాంపొనెంట్లు ఆమెవే. అయితే ఆ క్లార్క్ ఒక స్త్రీ అన్న సంగతి నేను ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్ల దాకా నాకు తెలియదు. ఎవరో మీసాలున్న తెల్లదొర అనుకున్నాను. ఆ సంగతి నాకు తెలిసిన సందర్భంలో నా తప్పు ఒకటి ఉన్నది. దానిని కూడా ఈ వ్యాసంలోనే చెప్పుకుంటాను. ఎనభై దాటిన తరువాత దాచుకోవడానికి ఏమున్నది గనుక!

క్లార్క్ గారు 1883 ఫిబ్రవరి 10న అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, హోవర్డ్ కౌంటీలో జన్మించారు. తండ్రి లాయరు, వ్యవసాయం కూడా ఉండేది. తొమ్మిది మంది సంతానం. ఆమెకు పన్నెండేళ్లు వచ్చేసరికి తండ్రీ, తల్లీ ఇద్దరూ పోయారు. అక్క సంరక్షణలో, బోర్డింగు స్కూలులో పెరిగారు. చిన్నప్పుడు ఆమెకు ఇష్టమైనవి లెక్కలు, ఆ తరువాత పేకాట. తల్లిదండ్రులు వదిలి వెళ్లిన దానిలో తన వంతు సొమ్ము చేతికి రాగానే ఆమె దానిని చదువుకు ఖర్చు పెట్టారు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు లేని ఆడపిల్ల తన సొమ్ముతో ఆ పని చేయడం ఎంత పెద్ద నిర్ణయమో మన తరం వారికి చెప్పనక్కరలేదు. వాసర్ కళాశాలలో గణితం, ఖగోళశాస్త్రం చదివి 1908లో పట్టభద్రురాలయ్యారు. మూడేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పారు. అందులో తృప్తి లేక 1911లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగులో చేరారు.

1912 వేసవి సెలవుల్లో ఏ.టి.అండ్.టి. అనే టెలిఫోను కంపెనీలో ఆమెకు తాత్కాలికంగా ఒక ఉద్యోగం దొరికింది. ఆ ఉద్యోగం పేరు కంప్యూటర్. పిల్లలు ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. అప్పటికి కంప్యూటర్ అంటే యంత్రం కాదు, మనిషి. బల్ల ముందు కూర్చుని, ఇంజనీర్లు వ్రాసి ఇచ్చిన సూత్రాలలో అంకెలు వేసి, రోజంతా కూడికలు, గుణకారాలు, లాగరిథమ్‌లు చేసే మనిషి. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఇంజనీరుకు పేరు ఉండేది, కంప్యూటర్‌కు జీతం ఉండేది. క్లార్క్ గారికి ఆ పని ఎంత నచ్చిందంటే సివిల్ ఇంజనీరింగు చదువు మానుకొని అక్కడే ఉండిపోయారు. జార్జి క్యాంప్‌బెల్ అనే గణిత నిపుణునికి లెక్కల్లో సాయపడ్డారు. మొదటి ప్రపంచయుద్ధ కాలానికి ఆమె చేతి కింద ఒక మహిళా కంప్యూటర్ల బృందమే ఉండేది. పగలు ఆ పని, సాయంత్రాలు హంటర్ కళాశాలలో రేడియో, కొలంబియాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు తరగతులు.

1918లో ఎం.ఐ.టి.లో చేరి, 1919లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ పుచ్చుకున్నారు. ఆ సంస్థలో ఆ శాఖ నుంచి ఆ డిగ్రీ పొందిన మొదటి మహిళ ఆమె. డిగ్రీ చేతబట్టుకుని ఎంత తిరిగినా ఇంజనీరుగా తీసుకునేవారు కనిపించలేదు. చివరికి స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు టర్బైను విభాగంలో కంప్యూటర్లకు సూపర్‌వైజరుగా వేసుకున్నారు. అంటే ఎం.ఐ.టి. పట్టాతో మళ్లీ లెక్కల గదిలోకే. రెండేళ్లు చూశారు. 1921లో ఆ పని వదిలి టర్కీలో కాన్‌స్టాంటినోపుల్ మహిళా కళాశాలలో ఫిజిక్సు చెప్పడానికి వెళ్లిపోయారు. మరుసటి ఏడు తిరిగి వచ్చేసరికి అదే కంపెనీ ఆమెకు ఎలక్ట్రికల్ ఇంజనీరు ఉద్యోగం ఇచ్చింది. అప్పటికి ఆమె వయసు 39. అమెరికాలో ఆ హోదాతో జీతం తీసుకున్న మొదటి మహిళ ఆమె అని చెబుతారు.

టర్కీకి వెళ్లక ముందే ఆమె ఒక సాధనానికి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. 1925లో అది మంజూరైంది. పొడవాటి ట్రాన్స్‌మిషన్ లైనులో ఈ చివర ఇంత ఓల్టేజి, ఇంత కరెంటు కావాలంటే ఆ చివర ఎంత ఉండాలో తేల్చే సమీకరణాలలో హైపర్‌బోలిక్ ఫంక్షన్లు వస్తాయి. స్లైడ్ రూలుతో చేసిన వారికి తెలుసు, ఒక్క లైనుకు ఒక పూట పట్టేది. మధ్యలో ఎవరైనా టీ తాగుదాం రమ్మని పిలిస్తే మళ్లీ మొదటికి. ఆమె ఆ లెక్కను రేఖాపటాల మీదకు ఎక్కించి, చూసి చదువుకునేటట్లు చేశారు. సుమారు 250 మైళ్ల దాకా ఉన్న లైన్లకు అది పనికి వచ్చేది. పనికి పట్టే కాలం పదో వంతుకు తగ్గింది. ఒక కంప్యూటర్ మాత్రమే కనిపెట్టగల సాధనం అది అని నాకు అనిపిస్తుంది. లెక్క ఎక్కడ చేతిని నొప్పి పెడుతుందో లెక్క చేసినవాళ్లకే తెలుస్తుంది.

1926లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్స్ సభలో ఆమె ఒక పత్రం సమర్పించారు. ఆ సంస్థ వేదికపై పత్రం చదివిన మొదటి మహిళ ఆమె. విషయం, పొడవాటి లైన్ల మీద ఎంత పవరు పంపితే వ్యవస్థ నిలకడ తప్పకుండా ఉంటుంది అన్నది. జనరేటరు నుంచి లోడు దాకా దారిలో ఉన్న సామాన్లు ఒక్కొక్కదానిని ఒక ఈక్వివలెంట్ సర్క్యూట్‌గా మార్చి, అన్నిటినీ కలిపి ఒకే లెక్కగా చేయడం ఆమె పద్ధతి. మనం ఆ తరువాత లోడ్ ఫ్లో స్టడీ అని పిలిచిన దానికి కూడా మూలం ఇదే ఆలోచన. లైను ఒక్కదానినే తెలుసుకుంటే సరిపోదు. లైనుకు రెండు చివర్లా ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న చోట ట్యాప్ ఉంటుంది.

ఇక్కడ కుటుంబసభ్యుల కోసం ఒక మాట. మా ఆవిడ నా నోటి నుంచి ట్యాప్ అనే మాట కొన్నేళ్లు విని, సబ్‌స్టేషన్‌లో నీళ్ల కుళాయి గురించి ఇంత గొడవ ఏమిటని ఒకనాడు అడిగింది. కుళాయి కాదు. ట్రాన్స్‌ఫార్మరు లోపల రాగి చుట్లు ఉంటాయి. రెండు వైపుల చుట్ల నిష్పత్తిని బట్టి ఓల్టేజి మారుతుంది. హెచ్చు ఓల్టేజి వైపు చుట్టలో అక్కడక్కడ నుంచి తీగలు బయటకు తీసి, కావలసిన చోట తగిలించుకునే ఏర్పాటు చేస్తారు. అదే ట్యాప్. లోడు ఆపకుండానే దానిని మార్చే యంత్రాంగం రూపొందించినవాడు జర్మనీలో బెర్న్‌హార్డ్ యాన్సెన్, 1920ల చివరి భాగంలో. మన 132/33 కె.వి. ట్రాన్స్‌ఫార్మర్లలో మామూలుగా 17 ట్యాపులు. ఒక్కొక్క మెట్టు 1.25 శాతం, అంటే 132 కె.వి. మీద 1650 వోల్టులు. 5వ నంబరు నార్మల్. నంబరు పెంచుతూ పోతే హెచ్చు వైపు చుట్లు తగ్గి, 33 కె.వి. వైపు ఓల్టేజి పెరుగుతుంది. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసిన ఆపరేటరుకు ఇది వేళ్ల చివర ఉండే విద్య.

కాగితం మీద మాత్రం ఇదే ట్యాప్ ఏడిపిస్తుంది. లోడ్ ఫ్లోలో ముందు అన్ని ట్రాన్స్‌ఫార్మర్లూ నార్మల్‌లో ఉన్నాయని అనుకుని లెక్క కడతాం. ఏదో ఒక చోట ఓల్టేజి తక్కువ వస్తుంది. అక్కడ ట్యాప్ రెండు మెట్లు జరిపి మళ్లీ లెక్క కట్టాలి. ట్యాప్ నిష్పత్తి మారితే ఆ ట్రాన్స్‌ఫార్మరు లెక్కలో కనిపించే తీరే మారిపోతుంది. ట్యాప్ ఉన్న వైపు అడ్మిటెన్సును నిష్పత్తి వర్గంతో భాగించాలి. రెండు బస్‌ల మధ్య ఉన్నదాన్ని ఒట్టి నిష్పత్తితో భాగించాలి. అవతలి వైపుది మారదు. అంటే ట్యాప్ ఏ వైపున ఉన్నదో లెక్కకు సరిగా చెప్పాలి. పైగా మెట్లు మెట్లుగా మారేది గనుక ఒక మెట్టుకు తక్కువ, ఇంకో మెట్టుకు ఎక్కువ అయ్యి లెక్క అటూ ఇటూ ఊగుతుంది. ఓల్టేజీలు కొంత కుదుటపడ్డ తరువాతే ట్యాప్‌ను ముట్టుకోవాలి. ముందే తొందరపడితే ఎంతకీ తెగదు.

ఇంకొక కిటుకు కూడా ఉన్నది. ట్యాప్ రియాక్టివ్ పవరును పుట్టించదు, పై నుంచి లాక్కువస్తుంది. ఎండాకాలంలో పొలాల మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ అన్ని సబ్‌స్టేషన్లూ ట్యాపులు పెంచుకుంటూ పోతే, పైనున్న 132 కె.వి. ఓల్టేజి ఇంకా కుంగుతుంది. మళ్లీ అందరూ ట్యాప్ పెంచుతారు. చివరికి అందరూ 17లో ఉంటారు, ఓల్టేజి మాత్రం పాతాళంలో ఉంటుంది. మన రాష్ట్రంలో 1970, 80లలో పనిచేసినవారు ఇది కళ్లారా చూసినవారే. క్లార్క్ గారి 1926 పత్రం నాటి ప్రశ్న, ఈ దారి గుండా ఎంత పవరు పంపగలం అన్నది, మన పల్లె పొలాల గట్ల మీద ప్రతి వేసవిలోనూ తలెత్తేది.

మళ్లీ కథలోకి వస్తాను. 1929లో ఎం.ఐ.టి.లో, జనరల్ ఎలక్ట్రిక్ వారి సహకారంతో, నెట్‌వర్క్ అనలైజరు తయారైంది. ఒక గది నిండా రెసిస్టెన్సులు, రియాక్టెన్సులు, చిన్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు అమర్చి, మొత్తం గ్రిడ్డుకు ఒక బొమ్మలాంటిది కట్టి, మీటర్లలో ఓల్టేజీలు చదువుకోవడమే పని. ట్యాప్ మార్చాలంటే ఆటో ట్రాన్స్‌ఫార్మరు నాబ్ తిప్పితే చాలు. అయినా ఏ నాబ్ ఎంత తిప్పాలో, వచ్చిన అంకెను నమ్మాలో వద్దో తెలియాలంటే చేత్తో లెక్క వచ్చిన మనిషి ఉండాలి. అటువంటి మనుషులను తయారు చేయడానికే ఆమె పుస్తకాలు వ్రాశారని నా అభిప్రాయం. ఏ.సి. పవర్ సిస్టమ్‌ల సర్క్యూట్ విశ్లేషణ మీద ఆమె గ్రంథం మొదటి సంపుటం 1943లో, రెండవది 1950లో వచ్చాయి. మూడు ఫేజుల లెక్కను విడదీసి సులువు చేసే ఆల్ఫా, బీటా, జీరో పద్ధతి ఆమె పేరుతోనే నిలిచింది. ఈనాటి మోటారు డ్రైవులలోనూ, సోలార్ ఇన్వర్టర్లలోనూ ఆ మార్పిడి ప్రతి క్షణం జరుగుతూనే ఉన్నది.

1945లో ఆమె కంపెనీ నుంచి రిటైరయ్యి మేరీల్యాండ్‌లో ఒక వ్యవసాయ క్షేత్రం కొనుక్కున్నారు. మనలో చాలామందికి ఉన్న కోరికే. రెండేళ్లు కూడా అక్కడ కుదురుగా ఉండలేకపోయారు. 1947లో టెక్సాస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరుగా చేరారు. ఆ దేశంలో ఆ పదవి పొందిన మొదటి మహిళ ఆమె. 1948లో ఇంజనీర్ల ఇన్‌స్టిట్యూట్ వారు ఫెలోగా ఎన్నుకున్నారు, అదీ మహిళలలో మొదటిసారే. 1956లో రెండోసారి రిటైరయ్యారు. అదే 1956లో వార్డ్, హేల్ అనే ఇద్దరు డిజిటల్ కంప్యూటర్ మీద పవర్ ఫ్లో సాధించే పద్ధతిని ప్రకటించారు. మనిషి కంప్యూటర్ కుర్చీ దిగి వెళుతుంటే యంత్రం కంప్యూటర్ లోపలికి వచ్చినట్టున్నది.

ఆ యంత్రం దగ్గరే నా తప్పు జరిగింది. 1976లో నేను ప్లానింగు పని చూసేవాణ్ణి. ఒక జిల్లాలోని సబ్‌స్టేషన్‌లో ఓల్టేజి బాగుపడాలంటే ఏం చేయాలో తేల్చి రిపోర్టు ఇవ్వాలి. మాకు సొంత కంప్యూటర్ లేదు. వేరొక సంస్థలో రాత్రిపూట సమయం ఇచ్చేవారు. పంచ్ కార్డుల కట్ట పట్టుకుని వెళ్లడం, ఫలితం కాగితాలు మోసుకుని తెల్లవారుజామున రావడం. మొదటి రాత్రి 33 కె.వి. బస్ ఓల్టేజి తక్కువ వచ్చింది. ట్యాప్ కార్డు మార్చి 9వ నంబరు, అంటే 0.95 నిష్పత్తి ఇచ్చాను. రెండో రాత్రి ఓల్టేజి ఇంకా తగ్గింది. 13 ఇచ్చాను. ఇంకా తగ్గింది. 17 దాకా పోయాను. అప్పటికి వారం గడిచింది. పై లైనే బలహీనంగా ఉన్నదని నిర్ణయించుకుని, పెద్ద కెపాసిటర్ బ్యాంకు, వీలైతే రెండో లైను కావాలని రిపోర్టు చిత్తుప్రతి వ్రాసేశాను.

మా విభాగంలో అప్పుడే ఒక అమ్మాయి చేరింది. లెక్కలతో డిగ్రీ చేసింది. ఉద్యోగం మాత్రం డేటా షీట్లు నింపడం, కార్డులు సరిచూడటం. ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరకు వచ్చి, ట్రాన్స్‌ఫార్మరు కార్డులో 132 బస్ నంబరు, 33 బస్ నంబరు తారుమారైనట్టున్నాయండీ అన్నది. ప్రోగ్రాము మొదట వ్రాసిన బస్ వైపే ట్యాప్ ఉన్నదనుకుంటుంది. నేను 33ను మొదట వ్రాశాను. నాకు కోపం వచ్చింది. వారం రోజులుగా చూస్తున్నాను, నాకు తెలియదా అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. సబ్‌స్టేషన్ లాగ్ బుక్‌లో ట్యాప్ నంబరు పెంచినప్పుడు ఓల్టేజి పెరిగేదా, తగ్గేదా సార్ అని మాత్రం అడిగింది. మూడేళ్లు షిఫ్టులు చేసి, ఆ ట్యాప్ నా చేత్తో వందలసార్లు పెంచినవాణ్ణి నేను. పెరుగుతుంది. కాగితం మీద తగ్గుతుంటే వారం రోజులు కాగితాన్నే నమ్మాను.

కార్డు సరిచేసి ఆ రాత్రి మళ్లీ వెళ్లాం. 9వ ట్యాప్‌లోనే ఓల్టేజి దారికి వచ్చింది. కెపాసిటర్లు అవసరమే, కాని నేను అడిగిన దానిలో సగం చాలు. రెండో లైను మాట అప్పటికి అవసరమే లేదు. ఫలితాల కాగితం వచ్చేదాకా కూర్చుని ఉన్నప్పుడు ఆమె లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుకుంటున్నది. అట్టమీద క్లార్క్ అని ఉంటే చేతిలోకి తీసుకుని లోపలి పేజీ తిప్పాను. ఎడిత్ అని ఉన్నది. ఆమె నవ్వి, మీకు తెలియదా సార్, ఈమె కూడా మొదట మాలాగే లెక్కలు చేసే ఉద్యోగమే చేసిందట అన్నది.

రిపోర్టు పైకి వెళ్లింది. బోర్డుకు ఒక లైను ఖర్చు తప్పించానని పైవారు మెచ్చుకున్నారు. కింద నా సంతకం ఒక్కటే ఉన్నది. ఆమె పేరు వ్రాయాలని నాకు తోచలేదు. తోచినా, ఆమె హోదాకు రిపోర్టులో పేరు వేసే ఆనవాయితీ లేదని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఆమె ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. సర్వీసంతా ఆ విభాగంలోనే చేసి, ఇంజనీరు హోదా రాకుండానే రిటైరైంది.

మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. అదే ఏడాది అక్టోబరు 29న క్లార్క్ గారు మేరీల్యాండ్‌లో, తన 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2015లో ఆమె పేరును అమెరికాలోని నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పేటెంటు వచ్చిన 90 ఏళ్లకు.

ఆ 1976 నాటి రిపోర్టు కార్బన్ కాపీ ఒకటి నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉన్నది. ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు దానిని బయటకు తీశాను. చివరి పేజీలో నా సంతకం పైన, ట్రాన్స్‌ఫార్మరు ట్యాప్ డేటాలో దోషాన్ని కనిపెట్టి సరిచేసినది ఫలానావారు అని ఆమె పూర్తి పేరుతో వ్రాసి, ఆనాటి తేదీ కాకుండా ఈనాటి తేదీ వేశాను. మనుమరాలి చేత నకలు తీయించి రిజిస్టరు పోస్టులో ఆమెకు పంపాను. ఆవిడా మన పెన్షనరే గనుక ఈ సంచిక కూడా ఆమె ఇంటికి చేరుతుంది. ఆమె అనుమతి అడగలేదు గనుక పేరు ఇక్కడ వ్రాయడం లేదు. పోస్టు ముట్టినట్టు రసీదు వచ్చింది. జాబు ఇంకా రాలేదు.